ఆండీస్ జానపద బాణీని ఆడపిల్లల క్వయర్‌కు అమర్చడం: ఒక కేస్ స్టడీ

ఈ పాటను నాలుగుసార్లు రాశాను. మొదటి మూడూ పనికిరాలేదు. ఎందుకు పనికిరాలేదో అర్థమయ్యాకే నాలుగోది వచ్చింది కాబట్టి, వాటి గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను. మన దగ్గరా, విదేశాల్లోనూ స్కూల్ క్వయర్‌లకు, చర్చి క్వయర్‌లకు జానపద పాటలు అమర్చే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఎవరిదో పాటను మన చేతుల్లోకి తీసుకున్నప్పుడు ఏ నిర్ణయం దగ్గర ఏం ఆలోచించానో చెబితే వాళ్లకు పనికొస్తుందని ఆశ.

ఊరి పేరు, క్వయర్ పేరు ఇవ్వడం లేదు. పాట మాటలు కూడా ఇవ్వడం లేదు. పాట ఇచ్చిన పెద్దావిడ అలా కోరింది.

నేపథ్యం

దక్షిణ అమెరికాలోని పెరూ దేశపు దక్షిణాన, ఆండీస్ కొండల్లో, సముద్రమట్టానికి 3,000 మీటర్లకు పైన ఉన్న ఒక పట్టణంలో ఈ పని జరిగింది. క్వయర్‌లో 26 మంది ఆడపిల్లలు, 11 నుంచి 15 ఏళ్ల లోపు వాళ్లు. మొదటి సొప్రానో (అన్నిటికన్నా పై గొంతు) 8 మంది, రెండో సొప్రానో 9, ఆల్టో (కింది గొంతు) 9. వారానికి రెండు రిహార్సల్స్, ఒక్కోటి గంటన్నర. పిల్లల్లో ఎక్కువమంది ఇళ్లలో స్పానిష్ మాట్లాడతారు. ఆండీస్ స్థానిక భాష కెచువా. అది నాయనమ్మలతో, అమ్మమ్మలతో మాత్రమే వినిపించే భాష.

నా సంగీతం రెండు చోట్ల నుంచి వచ్చింది. చిన్నప్పుడు కోస్తాలో చర్చి క్వయర్‌లో నాలుగు గొంతుల కీర్తనలు పాడాను. ఇంటి పక్కన ఒక టీచరు దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. ఈ కేసులో రెండూ నాకు అడ్డం వచ్చాయి, మళ్లీ రెండూ సాయపడ్డాయి.

క్వయర్‌లో ఒక అమ్మాయి వాళ్ల అమ్మమ్మ కొండమీది పల్లె నుంచి పట్టణానికి వచ్చి ఉంటోంది. ఆవిడ యవ్వనంలో పాడిన ఒక పాటను మనవరాలు డైరెక్టర్‌కు పాడి వినిపించింది. డైరెక్టర్ నన్ను పిలిచి, వార్షిక కచేరీకి దీన్ని మూడు గొంతులకు అమర్చమని అడిగింది. చేతిలో ఉన్న సమయం 14 వారాలు.

కలం పట్టకముందు ఒక సంగతి తేల్చుకున్నాం: ఇది నిజంగా ఎవరూ కట్టని పాటేనా? ఆండీస్ పాటల విషయంలో ఈ ప్రశ్న తప్పనిసరి. ప్రపంచమంతా జానపదం అనుకున్న 'ఎల్ కొండోర్ పాసా' డానియెల్ అలోమియా రోబ్లెస్ అనే స్వరకర్తది. 1913లో పెరూ రాజధాని లీమాలో ప్రదర్శించిన ఒక సంగీత నాటకం కోసం ఆయన దాన్ని కట్టారు. అమెరికన్ గాయకుడు పాల్ సైమన్ పారిస్‌లో ఒక బృందం వాయించగా విని, సంప్రదాయ బాణీ అనుకుని ఇంగ్లీషు మాటలు పెట్టి 1970లో విడుదల చేశారు. తర్వాత రోబ్లెస్ కొడుకు కోర్టుకు వెళ్లారు. అందుకని మా బాణీని ఆ ప్రాంతంలో పేరున్న ఇద్దరు పాతకాలపు విద్వాంసులకు వినిపించాం. ఇలాంటి వరసలు చాలా ఊళ్లలో ఉన్నాయని, దీనికి స్వరకర్త అని ఎవరి పేరూ వినలేదని చెప్పారు. అయినా స్కోరు మీద 'సంప్రదాయ గీతం' అని వదిలేయకుండా, ఎవరి నోటి నుంచి తీసుకున్నామో రాయాలని ఆ రోజే అనుకున్నాం. ఆవిడ తన పేరు వద్దంది, ఊరు పేరు చాలంది. స్కోరులో ఊరు పేరు ఉంది.

బాణీ ఎలా ఉంది

ఇది వాయ్నో. ఆండీస్‌లో అందరూ పాడుకునే, ఆడుకునే రెండు దెబ్బల నడక పాట. స్వరాలు ఐదే. మన వాళ్లకు చెప్పాలంటే శుద్ధ ధన్యాసి మెట్లు: స గ మ ప ని. పాట పైస్థాయి గాంధారం దగ్గర మొదలై, మెట్టు మెట్టుగా దిగుతూ షడ్జం మీద ఆగుతుంది. ఇంతవరకు తేలిక.

కష్టమంతా ఇల్లు, అంటే పాటకు ఆధారంగా వినిపించే స్వరం, ఎక్కడుంది అన్న దగ్గర వచ్చింది. నాలుగు పాదాల్లో మొదటి రెండూ గాంధారం చుట్టూ తిరుగుతాయి. అక్కడ గాంధారమే షడ్జంలా వినిపిస్తుంది. అంటే చెవికి మోహన రాగం. మూడో పాదంలో పాట జారి, నాలుగో పాదానికి శుద్ధ ధన్యాసిలో దిగుతుంది. మోహనంలో ధైవతాన్ని షడ్జం చేసుకుంటే శుద్ధ ధన్యాసి వస్తుందని గ్రహభేదం నేర్చుకున్నవాళ్లందరికీ తెలుసు. మనం దాన్ని విద్వత్తుగా, కచేరీలో ఒక విశేషంగా చూపిస్తాం. ఆవిడ ప్రతి చరణంలోనూ ఏమీ తెలియనట్టు ఆ పని చేస్తోంది. పాశ్చాత్య భాషలో ఇది మేజర్ (ఇక్కడ మోహనం) నుంచి దాని జంట మైనర్‌కు (శుద్ధ ధన్యాసికి) వాలడం. వాయ్నోల్లో చాలా చోట్ల వినిపించే గుణమే. పాటలోని దిగులు మైనర్ వల్ల రావడం లేదని, మేజర్ అనుకున్నది చివరికి కాకుండా పోవడం వల్ల వస్తోందని నాకు మొదటి రోజే అనిపించింది. అనిపించినా, దాని మీద ఆధారపడి పని చేయడానికి చాలా వారాలు పట్టింది.

రెండో గుణం పాదాల పొడవు. ఆవిడ కాలితో వేసే అడుగులను లెక్కపెట్టాను: 6, 6, 5, 7. మనకు ఖండం (ఐదు), మిశ్రం (ఏడు) అలవాటే కాబట్టి లెక్క భయపెట్టలేదు. కానీ ఇవి తాళంలా ఆవర్తాలుగా తిరగవు. మాట ఎంతుంటే పాదం అంత.

మూడోది గొంతు. ఆవిడ షడ్జం దాదాపు మిడిల్ సి (పియానో మధ్యలో ఉండే సి స్వరం) పైనున్న ఏ మీద ఉంది. అంటే పాట మొదలయ్యే పై గాంధారం హై సి. డెబ్బై దాటిన మనిషి. గొంతు సన్నగా, నిటారుగా, వణుకు లేకుండా వస్తుంది. ఆండీస్ పల్లెల్లో ఆడవాళ్లు ఇలా చాలా పైన పాడతారు. విత్తనాల వేళ, కోతల వేళ పాడే హరవి పాటల్లో ఈ ఎత్తు ఇంకా బాగా వినిపిస్తుంది. పై గొంతులే ఉండే ట్రెబుల్ క్వయర్‌కు ఇంతకన్నా తగిన పాట ఉండదని సంబరపడ్డాను.

మొదటి ప్రయత్నం

మూడో వారానికి పూర్తి మూడు గొంతుల స్కోరు ఇచ్చాను. నాకు బాగా అలవాటైన పద్ధతిలో రాశాను.

పిల్లల గొంతులు కాపాడాలని శ్రుతి కిందికి దించాను. షడ్జం మిడిల్ సి పక్కనున్న డి. పై గాంధారం ఎఫ్. పుస్తకాల ప్రకారం అందరికీ హాయిగా ఉండే చోటు. పాదాలను 6, 6, 6, 8గా సరిచేశాను. ఐదు, ఏడు పెడితే పిల్లలు తడబడతారని భయం. పైగా 26 దెబ్బల చరణం రాత మీద చక్కగా, సమంగా కనిపించింది. బాణీ కింద తోడుగా మోగే హార్మొనీకి డి మైనర్ తీగలు (కార్డ్స్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులు). పాదం చివర ముగింపు గట్టిగా ఉండాలని ఏ మేజర్ పెట్టి డి మైనర్‌కు తెచ్చాను.

ఆ ఏ మేజర్‌లో సి షార్ప్ ఉంది. అంటే షడ్జానికి అరమెట్టు కింద కాకలి నిషాదం. బాణీలో ఉన్నది దానికీ అరమెట్టు కిందుండే కైశికి నిషాదం. శుద్ధ ధన్యాసి పాడుతున్న గాయకుడి పక్కన హార్మోనియం వాయించే మనిషి ప్రతి ముగింపులో కాకలి నిషాదం నొక్కితే ఎలా ఉంటుందో ఊహించండి. పట్టణాల్లో గిటార్‌తో పాడే వాయ్నోల్లో ఆ తీగ వాడతారు, అక్కడ బాగానే ఉంటుంది. కాబట్టి ఆండీస్‌లో అది నిషిద్ధమని నేను అనను. కానీ మా పాట ఏ వాద్యం లేకుండా పుట్టిన పాట. ఐదు స్వరాల్లో ఎక్కడా అరమెట్టు లేదు. అరమెట్టు లేకపోవడం వల్లే ఏ స్వరమూ పక్క స్వరాన్ని లాగదు, పాట తనంతట తాను వాలుతుంది. నేను పెట్టిన సి షార్ప్ దాన్ని ఇంటికి ఈడ్చుకెళ్లినట్టయింది.

ఆవిడను రిహార్సల్‌కు తీసుకొచ్చారు. పిల్లలంతా ఆవిడను 'మమాయ్' అనేవారు, అమ్మా అని గౌరవంగా పిలవడం. ఆవిడ కుర్చీలో కూర్చుని వింటూ మోకాలి మీద చేత్తో దెబ్బ వేస్తోంది. మొదటి పాదం, రెండో పాదం బాగానే సాగాయి. మూడో పాదం చివర నేను చేర్చిన ఆరో దెబ్బ దగ్గర చేయి గాల్లో ఆగిపోయింది. నాలుగో పాదంలో మళ్లీ అందుకోవాలని చూసి, వదిలేసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. తర్వాత నవ్వుతూ పిల్లలందరినీ మెచ్చుకుంది. నాతో మాత్రం మనవరాలి ద్వారా ఒక్క మాట అడిగించింది: "అక్కడ ఎవరి కోసం ఆగుతున్నారు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ ఒక్క దెబ్బలో ఎవరూ లేరు. సమంగా కనిపించాలన్న నా కోరిక ఉంది, అంతే. ఆ సాయంత్రం స్కోరు పక్కన పెట్టేశాను.

రెండో ప్రయత్నం

ఇప్పుడు అటు చివరకు వెళ్లాను. హార్మొనీ వద్దు, అందరూ ఒకే వరస, ఆవిడ శ్రుతిలో, ఆవిడ పాదాలతో, ఆవిడ గొంతులాగే పాడాలి. పక్కన ఒక టీన్యా. ఇది చిన్న చేతి డోలు. ఆండీస్‌లో దీన్ని వాయించేది ఎక్కువగా ఆడవాళ్లే.

టీన్యా నిలిచింది, మిగతాదంతా పోయింది. హై సి ఇద్దరు పిల్లలకే సరిగ్గా అందింది. ఆల్టో పిల్లలు సగం పాట నోరు కదిపి ఊరుకున్నారు. వాళ్లలో ఒక అమ్మాయి వచ్చి, "ఈ పాటలో మేం లేమా?" అని అడిగింది. అన్నిటికన్నా పెద్ద తప్పు గొంతును అనుకరించమనడం. ఆవిడ గొంతు జీవితమంతా కొండగాలిలో ఆరుబయట పాడి పాడి వచ్చింది. పిల్లలు దాన్ని మెడ బిగించి తెచ్చుకోబోయారు. వారం తిరిగేసరికి ఇద్దరికి గొంతు బొంగురుపోయింది. డైరెక్టర్ వెంటనే ఆపించింది, ఆపించడమే సరైన పని. ఆ ఇద్దరికీ పది రోజులు పాట వద్దని చెప్పాం.

తర్వాత గొంతు విషయంలో మేం తీసుకున్న నిర్ణయం ఇది: గొంతు మార్చం, అచ్చు మారుస్తాం. కెచువాలో అచ్చులు మూడే: అ, ఇ, ఉ. 'ఇ'ని పళ్ల వెనక, ముఖం ముందు భాగంలో మోగేలా పాడితే శబ్దం దానంతటదే సన్నగా, మెరుపుగా వస్తుంది. వణుకు తీసేస్తే నిటారుగా నిలుస్తుంది. మెడ మీద బరువు పడదు. ఆవిడ గొంతు రాలేదు, రానక్కర్లేదు. ఆ దిశ వచ్చింది.

శ్రుతికి కూడా మధ్యదారి దొరికింది. షడ్జం మిడిల్ సి పైనున్న ఎఫ్ షార్ప్. పై గాంధారం ఏ అవుతుంది. మొదటి సొప్రానో 8 మందిలో 7 మందికి అది భయం లేకుండా అందుతుంది. మొదటి స్కోరులో దించిన శ్రుతిలో పాట ఎందుకు మసగ్గా వినిపించిందో కూడా అప్పుడే అర్థమైంది. పాట పైన మొదలై దిగుతుంది కాబట్టి, పైనున్న మొదటి స్వరం గొంతును కొంచెం లాగాలి. అక్కడ శ్రమ లేకపోతే దిగడంలో ఊరట ఉండదు.

మూడో ప్రయత్నం

మూడో స్కోరుకు నాలోని కర్ణాటక విద్యార్థి ముందుకొచ్చాడు. ఆల్టోలకు తంబురాలా షడ్జ పంచమాలు ఇద్దాం, సొప్రానోలు జంటగా సమాంతరంగా పాడతారు అనుకున్నాను.

సమాంతరం నుంచి ఒక మంచి విషయం నేర్చుకున్నాను. ఐదు స్వరాల మెట్ల మీద ఒక స్వరాన్ని వదిలి కింది స్వరాన్ని జోడిస్తూ పోతే, ఐదు జంటల్లో నాలుగు మధ్యమ దూరంలో ఉంటాయి, పంచమ గాంధారాల జంట ఒక్కటే దగ్గరగా, మేజర్ థర్డ్‌గా ఉంటుంది. అంటే సినిమా పాటల్లో అలవాటైన తీపి జంట గొంతు రాదు. బోలుగా, గాలి ఆడుతున్నట్టుగా వస్తుంది. దక్షిణ పెరూ, బొలీవియా ప్రాంతాల్లో కొన్ని గాలివాద్య బృందాలు ఇలా నాలుగు, ఐదు, ఎనిమిది మెట్ల దూరాల్లో సమాంతరంగానే వాయిస్తాయి. కాబట్టి ఆ శబ్దం ఆ నేలకు పరాయిది కాదు. పాట అంతా ఇలా పాడితే బరువెక్కింది. చివరి చరణం మొదటి పాదానికి మాత్రం ఉంచుకున్నాను.

తంబురా ఆలోచన మాత్రం పాటను చంపేసింది. దీన్ని ఒప్పుకోవడం నాకు కష్టమైంది, ఎందుకంటే శ్రుతి పట్టి ఉంచడం కంటే సహజమైనది నాకు తెలియదు. కానీ ఆల్టోలు మొదటి క్షణం నుంచే షడ్జం పట్టి ఉంచితే, మొదటి రెండు పాదాల్లో గాంధారం ఇల్లుగా వినిపించే అవకాశమే లేదు. శ్రోతకు ముందే చెప్పేసినట్టు: ఇది శుద్ధ ధన్యాసి, చివరికి ఇక్కడికే వస్తాం. మన పద్ధతిలో ఆధార షడ్జం కదలదు, గ్రహభేదం దాని మీద క్షణకాలం మెరిసే భ్రమ. ఈ పాటలో ఆధారమే కదులుతుంది. తంబురా పెట్టడమంటే ఆ కదలికను ఆపడమే.

రెండు రోజులు కాగితం మీద స్వరాలు రాసుకుంటూ కూర్చున్నాను. గాంధారం ఇల్లయితే తీగ గ ప ని. షడ్జం ఇల్లయితే స గ ప. రెండింటికీ ఉమ్మడి గాంధారం, పంచమం. పంచమం ఒక్కటే పట్టి ఉంచితే? ఎఫ్ షార్ప్ శ్రుతిలో అది మిడిల్ సి పక్కనున్న సి షార్ప్, ఆల్టోలకు వెచ్చగా మోగే చోటు. అది ఏ ఇంటినీ ముందుగా బయటపెట్టదు. పాట గాంధారం మీద ఉన్నప్పుడు మేజర్‌కు ఒదుగుతుంది, షడ్జానికి దిగినప్పుడు మైనర్‌కు ఒదుగుతుంది. ఆల్టోలు కదలకుండానే వాళ్ల స్వరం అర్థం మారుతుంది. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన నిర్ణయం ఇదే.

పని చేసిన దారి

ఇంకా అసలు ప్రశ్న మిగిలే ఉంది: బాణీని 26 మంది ఎలా పంచుకోవాలి?

ఫిబ్రవరిలో పూనోలో జరిగే కండెలారియా పండుగలో సికు బృందాలను విన్నాను. సికు గొట్టాల వరసలతో కట్టిన ఊదే వాద్యం. ఒకే వాద్యం ఇద్దరి చేతుల్లో ఉంటుంది. ఒక సగం ఇర, రెండో సగం అర్క. మామూలుగా ఇరకు 6 గొట్టాలు, అర్కకు 7. ఒక మెట్టు వీళ్లది, తర్వాతి మెట్టు వాళ్లది. ఇర నడిపిస్తుంది, అర్క వెంట వస్తుంది. ఏ ఒక్కరి దగ్గరా పూర్తి పాట ఉండదు. పక్కనుంచి వింటే ఒకే బాణీ, కానీ శబ్దం ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు ఊగుతుంది. బాగా వాయించే బృందాల్లో ఒకరి ఊపిరి ఆగకముందే రెండోవాళ్ల ఊపిరి మొదలవుతుంది. మధ్యలో ఖాళీ ఉండదు.

హార్మొనీ కోసం బాణీ కింద వెతకడం మానేసి, బాణీ లోపలే పంచుకోవాలని అప్పుడు తోచింది. వెంటనే స్వరానికి స్వరం చొప్పున సొప్రానోలను రెండు జట్లుగా విడదీసి రాశాను. పిల్లలకు ఆటలా నచ్చింది. కానీ కెచువా చెప్పే టీచరు విని, "ఒక్క మాటా అర్థం కాలేదు" అంది. తప్పు నాదే. కెచువా మన తెలుగులాగే ప్రత్యయాలు అతికే భాష. ఉర్పి అంటే పావురం. ఉర్పిచ అంటే చిన్నారి పావురం. ఉర్పిచల్యయ్ అంటే నా చిన్నారి పావురమా అన్న గోముతనం. ఇంత పొడవు మాటను అక్షరానికో జట్టుకు పంచితే ముక్కలు తప్ప మాట మిగలదు.

టీచరు ఇంకో తప్పు కూడా చూపింది. కెచువాలో ఒత్తు చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. ప్రత్యయం చేరిన కొద్దీ ఒత్తు ముందుకు జరుగుతుంది: ఉర్పిలో 'ఉర్' మీద, ఉర్పిచలో 'పి' మీద, ఉర్పిచల్యయ్‌లో 'చ' మీద. నేను తెలుగు చెవితో మొదటి అక్షరాన్ని బలమైన దెబ్బ మీద పెట్టేశాను. ఆవిడ పాడిన రికార్డింగ్ మళ్లీ వింటే, బలమైన దెబ్బ ఎప్పుడూ 'చ' మీదే పడుతోంది. ముందునుంచీ అక్కడే ఉంది, నేనే వినలేదు. 5, 7 అడుగుల పాదాలు కూడా అప్పుడే అర్థమయ్యాయి. ఒత్తు సరైన చోట పడేలా పాదం తనను తాను సర్దుకుంటోంది.

చివరకు ఇలా కుదిరింది. చరణాల్లో బాణీని స్వరానికి స్వరం పంచలేదు. అర పాదానికి ఒక జట్టు. మాట తెగని చోట చేతులు మారతాయి. మొదటి జట్టు తన ఆఖరి స్వరాన్ని ఒక దెబ్బ అదనంగా పట్టి ఉంచుతుంది, దాని మీద రెండో జట్టు మొదలవుతుంది. సికు వాయించేవాళ్ల ఊపిరి కలిసినట్టు. అలా పట్టి ఉంచిన స్వరం, కొత్తగా వచ్చిన స్వరం, కింద ఆల్టోల పంచమం కలిసి తీగలు తయారయ్యాయి. వాటిలో నేను బయటినుంచి తెచ్చిన స్వరం ఒక్కటీ లేదు. అన్నీ బాణీ ఇప్పుడే పాడి వదిలిన స్వరాలే.

మూడో పాదంలో ఆల్టోలు మొదటిసారి కదులుతారు. తమ పంచమం నుంచి దాని పైనున్న షడ్జం వైపు ఎక్కుతారు. అదే సమయానికి సొప్రానోలు దిగుతుంటారు. నాలుగో పాదం చివర ముగ్గురూ ఎఫ్ షార్ప్ మీద ఒకే స్వరంలో కలుస్తారు. తీగ లేదు, హార్మొనీ లేదు.

అసలైన ఇర, అర్క ఆటను ఫూగాకు దాచుకున్నాను. వాయ్నో చివర వచ్చే వేగమైన తోకను అక్కడ ఫూగా అంటారు. పాశ్చాత్య స్వరకర్త బాఖ్ రాసిన ఫ్యూగ్ అనే రచనలకూ దీనికీ సంబంధం లేదు. ఈ భాగంలో ఒకే చిన్న మాట తిరిగి తిరిగి వస్తుంది, అది శ్రోతకు అప్పటికే తెలుసు. కాబట్టి ముక్కలు చేసినా అర్థం పోదు. పిల్లలు రెండు అర్ధచంద్రాకారాలుగా ఎదురెదురుగా నిలబడి స్వరానికి స్వరం విసురుకుంటారు.

దీని మీద నాకొక సందేహం ఉండేది. సికు ఎక్కువగా టిటికాకా సరస్సు చుట్టుపక్కల, ఐమారా అనే వేరే జాతి పల్లెల సంప్రదాయం. ఈ పాట కెచువా పల్లెది. ఒకరి పద్ధతిని ఇంకొకరి పాటకు తగిలించడం సరైనదేనా? ఆవిడకు వివరంగా చెప్పాం, సికు రికార్డింగ్ వినిపించాం. తమ ఊళ్లో ఇలా పాడరని, కానీ పిల్లలు ఒకరి మాట ఒకరు అందుకుంటుంటే బాగుందని చెప్పింది. అనుమతి దొరికినా, స్కోరు మొదటి పేజీలో ఈ పద్ధతి ఎక్కడిదో, ఈ ఊరిది కాదని స్పష్టంగా రాశాను. రేపు ఇంకో క్వయర్ ఇది పాడి, ఆ ఊళ్లో ఇలాగే పాడతారని అనుకోకూడదు.

క్వయర్‌లో ఒక పిల్ల తండ్రి వేరే అభ్యంతరం చెప్పారు: కెచువాను గొంతులు విడదీసి పాడటమే పరాయి పద్ధతి కదా అని. అది న్యాయమైన ప్రశ్నే. ఆయనకు 'హనక్‌పచప్ కుస్సికుయ్‌నిన్' గురించి చెప్పాను. కెచువా మాటలతో నాలుగు గొంతులకు రాసిన ఆ కీర్తన 1631లో లీమాలో, హువాన్ పెరెస్ బొకనేగ్రా అనే మతగురువు పుస్తకంలో అచ్చయింది. అమెరికా ఖండాల్లో అచ్చయిన మొట్టమొదటి బహుగొంతుల సంగీతం అదే. దాని వెనక వలస పాలన చరిత్ర ఉంది, దాన్ని దాచలేదు. కానీ ఈ భాష క్వయర్‌కు కొత్త కాదు.

నేర్పించడంలో తేలినవి

లయను కాగితం మీద నేర్పడం వల్ల కాలేదు. వాయ్నో నడకను ఒక పెద్ద, రెండు చిన్నగా రాస్తారు: తా-కిట. పిల్లలు అలాగే పాడితే కవాతులా వచ్చింది. అసలు నడక చతురస్రానికి (నాలుగు), తిస్రానికి (మూడు) మధ్య ఎక్కడో ఉంటుంది, పాదం పాదానికి కొంచెం మారుతుంది కూడా. అందుకని స్కోరులు మూసేయించి, రెండు వారాలు అడుగులు వేస్తూ ఆవిడ వెనక పాడించాం. కాలు నేర్చుకున్నాక గొంతు దానంతటదే దారికొచ్చింది. ఐదు అడుగుల పాదం కూడా అంతే. లెక్కపెట్టినన్నాళ్లూ తప్పారు, నడిచాక తప్పలేదు.

ఉచ్చారణలో నా మాతృభాష అనుకోకుండా పనికొచ్చింది. కుస్కో ప్రాంతపు కెచువాలో మన 'త' లాంటి శబ్దం మూడు రకాలుగా పలుకుతుంది. తంత అంటే కూడిక. థంత అంటే పాతబడి చిరిగినది. ఇంకోటి ఊపిరి బిగపట్టి నాలుకతో చటుక్కున వదిలే 'త', దానితో పలికితే రొట్టె. స్పానిష్ మాట్లాడే పిల్లలకు మొదటిదే వచ్చు. తెలుగు చదువుకున్న నాకు 'థ' వచ్చు. మూడోదానికి మన వర్ణమాలలో అక్షరమే లేదు. అది టీచరు దగ్గర పిల్లలతోపాటు నేనూ నేర్చుకున్నాను. రిహార్సల్ మొదట్లో ఐదు నిమిషాలు ఈ మూడు మాటలే గొంతు కసరత్తుగా చేయించాం. పాటలో బిగపట్టిన హల్లు వచ్చే చోట శబ్దం క్షణం ఆగుతుంది కాబట్టి, అక్కడ పొడవైన స్వరం పెట్టకూడదని స్కోరు కూడా రెండు చోట్ల మార్చాను.

ఇలాంటి పని చేయబోయేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఒకటే: స్కోరు రాయకముందు పాట ఇచ్చిన మనిషితో కనీసం మూడు సార్లు కూర్చోండి. మొదటిసారి బాణీ వినండి, రెండోసారి మాట వినండి, మూడోసారి ఆ మనిషి కాళ్లను, చేతులను చూడండి. నేను మొదటి రెండూ హడావుడిగా చేశాను, మూడోది చేయనేలేదు. 14 వారాల్లో ఏడు వారాలు అక్కడే పోయాయి. ఆల్టోలకు ఏమివ్వాలో తోచకపోతే, బాణీలో ఎక్కడెక్కడ ఇల్లు మారుతోందో చూసి, ఆ ఇళ్లన్నిటికీ ఉమ్మడిగా ఉన్న స్వరం వెతకండి. మన పల్లెల ఐదు స్వరాల వరసలకూ ఈ పద్ధతి పనిచేస్తుందని, తర్వాత ఒక ఊడ్పు పాట మీద ప్రయత్నించి చూశాను.

చివరి రిహార్సల్‌కు మమాయ్ మళ్లీ వచ్చింది. మోకాలి మీద చేయి మూడో పాదం దాటింది, నాలుగో పాదమూ దాటింది. నా కళ్లు పిల్లల మీద లేవు, ఆ చేతి మీదే ఉన్నాయి. పాట అయ్యాక ఒక్క మార్పు చెప్పింది. ఆఖరి స్వరాన్ని పిల్లలు నాలుగు దెబ్బలు పట్టి ఉంచుతున్నారు, చప్పట్ల కోసం అందరూ చేసేదే. "పావురం ఎగిరిపోయాక కొమ్మ పట్టుకుని ఎందుకు నిలబడతారు, వదిలేయండి" అంది. ఒక్క దెబ్బకు తగ్గించాం. కచేరీలో పాట అలాగే, చటుక్కున ఆగింది.

ఈ ఏడాది అదే క్వయర్ పాటను మళ్లీ ఎత్తుకుంది. పాత పిల్లల్లో తొమ్మిది మంది వెళ్లిపోయారు, కొత్తవాళ్లు వచ్చారు. మూడో పాదంలో ఐదో అడుగు మీద ఆల్టోలు పంచమం వదలాల్సిన చోట కొత్త పిల్లలు ఆలస్యమవుతున్నారు. స్కోరులో అక్కడ టీన్యాకు ఒక మెత్తటి దెబ్బ చేర్చి చూస్తున్నాం. మమాయ్‌కు ఇంకా వినిపించలేదు. వచ్చే నెల వస్తానంది.